ఏ లెక్కలోకీ రాని గొంతులు

మా పెద్దమ్మకు చదువు రాదు, వేలిముద్రే. అయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఏ పాట మొదలెట్టినా నంబరు చెబుతుంది, నంబరు చెబితే పాట ఎత్తుకుంటుంది. రెండు వందల పైచిలుకు కీర్తనలు పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా ఆమెకు నోటికి వచ్చు. పాడేవాళ్ళు మూడో చరణం ఎగరగొట్టి నాలుగోదానికి పోతే ఒప్పుకోదు. “మజ్జలోది ఏమైందే? ఆయన ఊరికే రాశాడా?” అని ఆపించి మళ్ళీ పాడిస్తుంది.

మాది నడికుడి పక్కన పల్లె. ముందు పత్తి తీతలు, సంక్రాంతి దాటాక మిరపకోతలు. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని ఆటోలో పోయిన ఆడవాళ్ళు చీకటి పడ్డాక మండే చేతులతో ఇల్లు చేరతారు. కాసిని నీళ్ళు పోసుకుని, ఇంత తిని, శుక్రవారం రాత్రి కూటానికి గుడికొస్తారు. నాపరాళ్ళ గచ్చు మీద కూర్చుని పాడతారు. వాళ్ళను ఇంతవరకూ ఎవరూ సంగీతం తెలిసినవాళ్ళు అనలేదు. నేను అంటున్నాను. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

మొన్న క్రిస్మస్‌కు జరిగింది చెబుతాను. మా చుట్టుపక్కలదే ఒక చర్చి, పేరెందుకు. మా పెద్దమ్మతో కలిపి పదకొండు మంది ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు నెల రోజుల పాటు రాత్రిళ్ళు కూర్చుని నాలుగు కీర్తనలు పట్టారు. పండగ ముందు రోజు కమిటీ వాళ్ళు వచ్చి, ఈసారి పెద్దోళ్ళ పాటలు వద్దు, పిల్లలు ట్రాక్ మీద పాడతారు, సౌండ్ బాక్సులు కూడా మాట్లాడేశాం అన్నారు. తిట్టలేదు, గదమాయించలేదు. కుర్చీలు సర్దమన్నట్టుగా చెప్పి వెళ్ళిపోయారు. పండగనాడు ఆ పద్నాలుగు మందీ ఉతికిన బట్టలు కట్టుకుని ముందు వరసలోనే కూర్చున్నారు. వాళ్ళ ఒళ్ళో పాటల పుస్తకాలు మూసినవి మూసినట్టే ఉన్నాయి. ఎదురుగా బాక్సులు అదురుతుంటే మా పెద్దమ్మ కుడిచెయ్యి మాత్రం అలవాటుగా తొడ మీద తాళం వెతుక్కుంది. ఆ మోతలో దానికి తాళం దొరకలేదు.

ఆ వారంలోనే హైదరాబాదు వెళ్ళడానికి నడికుడి జంక్షన్‌లో రాత్రి బండి కోసం కూర్చున్నాను. బండి ఆలస్యం. చలి. ఫోన్లో ఏదో వెతుకుతుంటే రష్యా వాళ్ళ బృందగానం తగిలింది. సెర్గేయ్ రఖ్మానినోవ్ 1915లో కట్టిన రాత్రి జాగరణ ఆరాధన, మొత్తం 15 భాగాలు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఒక్క వాయిద్యం లేదు. రష్యా ఆర్థడాక్స్ గుడిలో వాయిద్యం పెట్టరు, మనిషి గొంతుతోనే దేవుణ్ణి స్తుతించాలని వాళ్ళ కట్టడి. అయిదో భాగం చివర లావు గొంతుల మగవాళ్ళు మెట్టు మెట్టుగా కిందికి దిగుతారు. ఇంకా దిగుతారు. ఇక మనిషి గొంతుకు అడుగు లేదనుకున్న చోటు నుంచి మరో మెట్టు దిగి, అక్కడ నిలబడతారు. గూడ్సు బండి ఒకటి ప్లాట్‌ఫారం అదరగొడుతూ పోయింది. అది పోయాక కూడా నా గుండెల్లో ఆ స్వరమే ఉంది.

ఊరికి తిరిగొచ్చాక ఒక ఇయర్‌ఫోను పెద్దమ్మ చెవిలో పెట్టాను. మంచం పట్టెమీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

“వాయిద్యం లేదేందిరా?”

“వాళ్ళ గుళ్ళో పెట్టరు పెద్దమ్మా.”

“మరి శృతి ఎవరిస్తున్నారు?”

“ఒకళ్ళకొకళ్ళు.”

ఇంకాసేపు విన్నది. చివర ఆ దిగుడు వచ్చేసరికి ఆమె అరచెయ్యి కూడా నెమ్మదిగా కిందికి దిగింది. “ఆ లావు గొంతాయన బావిలోకి దిగినట్టు దిగాడు. ఏం పాటరా ఇది?” అంది. గుళ్ళో పసిబిడ్డ యేసును చేతుల్లోకి తీసుకుని, ఇక నన్ను సమాధానంగా పోనివ్వు ప్రభువా అన్న ముసలి సుమెయోను పాట అని చెప్పాను. లూకా సువార్త రెండో అధ్యాయం. ఆమె కళ్ళు తెరిచి నా వంక చూసింది. “అయితే మనదే గదరా. మరి మనం పాడుకుంటే ఎందుకు చేదైంది వీళ్ళకి?”

ఆ ప్రశ్నకు ఆ పూట నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి వెతుకుతున్నాను.

పల్నాడులో చదువుకున్నవాళ్ళకు రష్యా కొత్త కాదు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల బస్సు ఊరూరా తిరిగిన కాలంలో గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు గారి తెలుగులో చదివిన ఇళ్ళు ఎన్నో. టాల్‌స్టాయ్ తెలుసు, చేహోవ్ తెలుసు. ఆ దేశపు పల్లెవాడు గుళ్ళో నిలబడి ఏం పాడుకున్నాడో మాత్రం మనదాకా రాలేదు. వాళ్ళ దేశంలోనే దాని నోరు నొక్కారు గనక రాలేదు.

రఖ్మానినోవ్ ఆ పాటలను రెండు వారాలు తిరక్కుండానే రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్నది. మాస్కోలో సినోడల్ గాయక బృందం నికొలాయ్ దానిలిన్ నడిపింపులో మొదటిసారి పాడింది, యుద్ధ బాధితుల సహాయానికి. మూడేళ్ళు తిరగకముందే విప్లవం వచ్చింది. 1917 చివర రఖ్మానినోవ్ దేశం విడిచి వెళ్ళాడు, మళ్ళీ ఆ నేల మీద అడుగు పెట్టలేదు. 1918లో సినోడల్ బృందం మూతపడింది. పావెల్ చెస్నొకోవ్ అని వందల భక్తిగీతాలు కూర్చిన మరో మహానుభావుడు ఉండేవాడు. మాస్కోలో క్రీస్తు రక్షకుని పెద్ద గుడిలో గాయక బృందానికి ఆఖరి గురువు ఆయనే. 1931లో ప్రభుత్వం ఆ గుడిని పేల్చి నేలమట్టం చేసింది. ఆ దెబ్బతో ఆయన పాటలు కట్టడమే మానేశాడంటారు. 1965లో స్వేష్నికోవ్ బృందం రఖ్మానినోవ్ జాగరణ గీతాలను రికార్డు చేసింది. ఆ రికార్డును విదేశాలకు పంపారు గానీ సొంత దేశపు బజారులో అమ్మనివ్వలేదు.

అంత చేసినా ఆ పాట చావలేదు. ఇవాళ ప్రపంచంలో పేరున్న బృందాలెన్నో దాన్ని పాడుతున్నాయి. ఆ గుడిని మళ్ళీ కట్టి 2000 సంవత్సరంలో ప్రతిష్ఠ చేశారు.

మా పాటను ఎవరూ నిషేధించలేదు. మా గుడిని ఎవరూ కూల్చలేదు. మా వాళ్ళను ఎవరూ జైల్లో పెట్టలేదు. అక్కర్లేదన్నారు, అంతే. నాకు కడుపుమంట అక్కడే. నిషేధించినవాడికి కనీసం ఆ పాట అంటే భయం ఉంది. మావాళ్ళ పాటకు ఆపాటి గుర్తింపు కూడా లేదు.

అసలు ఈ కీర్తన ఎక్కడ నుంచి వచ్చిందో చూడండి. 1842 జులై 31న అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యరు గుంటూరులో దిగాడు. 1849లో పల్నాడుకొచ్చి గురజాలలో కాపురం పెట్టాడు. ఆయనా, ఆయన తరవాత వచ్చినవాళ్ళూ తమ దేశపు పాటలు తెచ్చారు, తెలుగులోకి మార్పించారు. ఆ తర్జుమా పాటలు పుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ మెట్లు మన నోటికి ఒదగవు, దీర్ఘం ఉన్న చోట హ్రస్వం పలకాలి, హ్రస్వాన్ని సాగదీయాలి. కానీ వాటి పక్కనే ఇంకో పాట పుట్టింది. పురుషోత్తమ చౌధరి 1803లో పుట్టి 1890లో పోయాడు. త్యాగరాజస్వామి కన్నుమూసేనాటికి ఈయనకు నలభై దాటాయి. సంస్కృతం తెలిసిన, ఛందస్సు తెలిసిన మనిషి. క్రీస్తును నమ్ముకున్నాక వందకు పైగా కీర్తనలు రాశాడు, పల్లవి, చరణాలతో, తెలుగువాడి రాగంలో, తెలుగువాడి తాళంలో. పులిపాక జగన్నాథం గారు రాశారు. ఇంకెందరో రాశారు. ఇప్పటికీ పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. శంకరాభరణం, ఆది. కాంభోజి, ఏక. ఆ రెండు మాటలను చదవగలిగిన పాస్టరు గారు గానీ, కీబోర్డు కుర్రాడు గానీ మా చుట్టుపక్కల ఇవాళ ఎంతమంది ఉన్నారు? మా పెద్దమ్మ వాటిని చదవలేదు, పాడుతుంది. ఆమె పాడే కాంభోజి కచేరీ కాంభోజి కాదు, ఒప్పుకుంటాను. నూట యాభై ఏళ్ళు పొలం గట్ల మీద, సమాధుల దగ్గర, పెళ్ళి పందిళ్ళలో తిరిగి తిరిగి దానికి ఒక నడక వచ్చింది. ఆ నడకను స్వరం రాసి పెట్టినవాడు ఒక్కడూ లేడు.

వాళ్ళు పాడే తీరు దగ్గర కూర్చుని చూడాలి. పెద్దమ్మ పల్లవిని మొదట ఒక్కతే అంటుంది, గొంతెత్తకుండా, చీకట్లో గడప తడుముకున్నట్టు. రెండోసారికి పక్కనున్న ఇద్దరు అందుకుంటారు. మూడోసారికి గుడి అంతా లేస్తుంది. ఆడవాళ్ళ గొంతు పైన, మగవాళ్ళది అదే వరస ఒక స్థాయి కింద. చరణం పొడుగు. ఒక్క గుక్కలో అందదు. కానీ పాట ఎక్కడా తెగదు. ఒకామె గుక్క తీసుకునేటప్పుడు పక్కామె పట్టుకుంటుంది, ఈమె ఆపేటప్పటికి ఆమె వస్తుంది. ఎవరికి వారు ఎక్కడ ఆగాలో కళ్ళతోనే మాట్లాడుకుంటారు. ఇది వాళ్ళకు ఏ సంగీత కళాశాలా నేర్పలేదు. మా పాత ఉపదేశి తాతగారు నేర్పాడు. పాట కింద పడకూడదమ్మా, పసిబిడ్డను చేతులు మార్చినట్టు మార్చుకోవాలి అనేవాడట. రష్యా బృందాల్లోనూ ఇదే పద్ధతి, గొలుసు ఊపిరి అంటారు. వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేసి పట్టిన విద్యను మా మిరపకోతల ఆడవాళ్ళు ఏ జీతం లేకుండా పట్టారు.

వాళ్ళది పొరలు పొరలుగా లేచే పాట, మాది ఒకే దారం పాట అనేవాళ్ళుంటారు. నిజమే. అయితే రఖ్మానినోవ్ ఆధారం చేసుకున్న పాత జ్నామెన్నీ గానం కూడా ఒకే వరసది. 15 భాగాల్లో 10 పాత గుడి వరసల మీద కట్టినవే. ఒకప్పుడు రష్యా గుళ్ళను ఇటలీ బాణీ కమ్మేసింది, బోర్త్న్యాన్‌స్కీ అంతటివాడు ఇటలీలో నేర్చుకొచ్చి ఆ దారిలోనే గొప్ప పాటలు కట్టాడు. సొంత వరసలు పాత చేతిరాత పుస్తకాల్లో మూలుగుతూ ఉండిపోయాయి. స్తెపాన్ స్మొలెన్‌స్కీ అనే పంతులు ఆ పుస్తకాలు ఒక్కొక్కటే సేకరించాడు, గుర్తులు విప్పాడు, మాస్కో సినోడల్ బడిలో పిల్లలకు నేర్పాడు. ఆయన పాఠాలు విన్నవాళ్ళలో రఖ్మానినోవ్ ఒకడు. జాగరణ గీతాలను ఆ గురువు జ్ఞాపకానికే అంకితం ఇచ్చాడు. ఒక పంతులు ఓపిక పట్టబట్టి ఒక జాతి తన గొంతు తాను విన్నది.

మనకు అలాంటి ఓపిక లేదనను. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద వందల ఏళ్ళు తిరుమల కొండ మీద చీకటి అరలో పడి ఉన్నాయి. బయటపడ్డాక వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు కళ్ళు కాయలు కాసేలా పని చేశారు కనకే ఇవాళ ఇంటింటా వింటున్నాం. అంతదాకా ఎందుకు, మా పల్నాడు సంగతే చూడండి. వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చు వేయించారు. కారంపూడిలో ఆ కథ పాడే వీరవిద్యావంతుల గొంతును అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘైర్ కూర్చుని విని, రికార్డు చేసుకుని, 1982లో పుస్తకంగా తెచ్చాడు. పాడింది మాలవాళ్ళు. పాటకు కులం అడ్డం రాలేదు, వినేవాడు వచ్చాడు గనక.

కులం మాట వచ్చింది గనక దాచుకోకుండా చెబుతాను. మా కీర్తన లెక్కలోకి రాకపోవడానికి అది పాడే నోరు ఎవరిదన్నది కూడా ఒక కారణం. వినుకొండ గుర్రం జాషువా గారు ఆ చేదు ఎంత తాగారో తెలుగుదేశం అంతటికీ తెలుసు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పద్యానికి అంత ఆలస్యంగానైనా తలుపు తెరిచారు. పాటకు ఇంకా తెరవలేదు.

రెండేళ్ళ కిందట ఒక పట్నంలో సంగీత సభ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను, మా వాళ్ళకు ఒక్క గంట ఇవ్వమని. మంచిగానే మాట్లాడాడు. ఇది శాస్త్రీయం కాదు బాబూ, జానపదం వాళ్ళను అడగండి అన్నాడు. జానపదం వాళ్ళు ఇది మతానికి సంబంధించింది కదా అన్నారు. మతంవాళ్ళ దగ్గరికి వస్తే ఇది పాతబడిపోయింది, యువతకు ఎక్కదు అన్నారు. మూడు గుమ్మాలూ ఎక్కి దిగాను. ఏ గుమ్మంలోనూ ఎవరూ ఒక్క పాట కూడా వినలేదు. విని బాగాలేదంటే నేను తలొంచుకుని వచ్చేవాణ్ణి.

యువతకు ఎక్కదన్న మాట మీద నాకు నమ్మకం లేదు. కీబోర్డు నాకు శత్రువు కాదు, పిల్లలు కొత్త పాటలు పాడుకోవాలి, పాడుకోనివ్వండి. కానీ నాలుగు గోడల మధ్య యాభై మంది కూర్చునే గుళ్ళో పెళ్ళి ఊరేగింపుకు పెట్టే బాక్సులు దేనికి? ట్రాక్ మీద పాడే పిల్లవాడు తన గొంతు తాను వినడు, పక్కవాడి గొంతు అసలే వినడు. గుక్క ఆగితే అందుకునేవాళ్ళు లేరు, మిషను ఆగదు కదా. అలా పెరిగిన పిల్లలకు కీర్తన ఎక్కదని తీర్పు చెప్పేముందు ఒక్క లెంటు కాలమైనా వాళ్ళను మా పెద్దమ్మ పక్కన కూర్చోబెట్టి చూశారా?

ఇలా ఎవరూ పట్టించుకోని పాటల మీద చేహోవ్ 1886లో రాసిన ఈస్టర్ రాత్రి కథ ఒకటుంది. చేహోవ్ తండ్రి తగన్‌రోగ్‌లో గుడి పాటల బృందం నడిపినవాడు, కొడుకుల చేత పాడించినవాడు, అందుకే ఆ కథలో మాట అంత లోతు నుంచి వస్తుంది. ఏటి మీద బల్లకట్టు లాగే యెరోనిమ్ అనే సన్యాసి ఆ రోజే చనిపోయిన తన స్నేహితుడు నికొలాయ్‌ని తలుచుకుంటాడు. నికొలాయ్ స్తోత్రాలు రాసేవాడు. ఒక్కో మాటా పువ్వులా అమిరేట్టు రాసేవాడు. మఠంలో ఎవరూ వాటిని పట్టించుకోలేదు. అవతల ఒడ్డున గుళ్ళో పండగ పాటలు మోగుతుంటాయి, వాటి కోసం ప్రాణం పెట్టే యెరోనిమ్ మాత్రం రాత్రంతా బల్లకట్టు మీదే ఉండిపోతాడు. అతన్ని విడిపించడానికి ఎవరికీ గుర్తు రాదు. ఈ కథ నేను కాలేజీ రోజుల్లో చదివి మర్చిపోయాను. మొన్న క్రిస్మస్ తరవాత మళ్ళీ చదివాను. చదువుతూ ఏడ్చాను. కృష్ణకు అవతలా ఇవతలా అలాంటి యెరోనిములు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

నేను అడిగేది కోట్లు కాదు. విశ్వవిద్యాలయాల్లో సంగీత శాఖలున్నాయి, ఒక్క పరిశోధక విద్యార్థిని పల్నాడు పంపండి. దాచేపల్లి, గురజాల, రెంటచింతల, మాచర్ల, ఈ దారిన ఏ పల్లెలో ఆగినా డెబ్భై దాటిన ఒక అమ్మ దొరుకుతుంది. ఆమె పాడింది పాడినట్టు స్వరం రాయండి, పుస్తకంలో అచ్చయిన రాగం పేరు పక్కన ఆమె నోటి రాగం పెట్టండి, తేడా చూడండి. సంగీత సభలవాళ్ళు ఏడాదికి ఒక్క సాయంత్రం ఇవ్వండి. అయ్యగార్లకు చేతులెత్తి మొక్కుతున్నాను, ఆరాధనలో వారానికి ఒక్క కీర్తన, బాక్సులు ఆపి, అన్ని చరణాలూ పాడించండి. పాడినవాళ్ళ పేర్లు గుళ్ళో బోర్డు మీద రాయండి. చందా ఇచ్చినవాళ్ళ పేర్లకు చలవరాయి దొరుకుతున్నది కదా.

ఇప్పటికి నా ఫోన్లో 63 పాటలు ఎక్కించాను. నాకు స్వరం రాయడం రాదు, నొక్కి రికార్డు చేయడం ఒక్కటే వచ్చు. వెనకాల కుక్కలు అరుస్తుంటాయి, ఫ్యాను గిరగిర వినిపిస్తుంది, నడికుడిలో బండి కూత కూడా పడింది ఒకదాంట్లో. మొన్న సంక్రాంతికి పదకొండు మంది ఆడవాళ్ళలో ఒకరు పోయారు. మూడో చరణం దగ్గర గుక్క అందుకునేది ఆమే. నిన్న శుక్రవారం అదే పాట ఎత్తుకున్నారు. ఆ చోటికి వచ్చేసరికి పాట తెగింది. పెద్దమ్మ ఆగి, పక్కన ఖాళీగా ఉన్న గచ్చు వైపు చూసి, మళ్ళీ పల్లవి నుంచి మొదలుపెట్టింది.